జర్మనీలో మంచు వాలుకి కాందహార్ పేరెందుకు? ఆల్ప్స్ స్కీ టూర్ వెనక ఉన్న 160 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక పేరుతో మొదలుపెడదాం. జర్మనీలో ఆస్ట్రియా సరిహద్దు పక్కన గార్మిష్ పార్టెన్‌కిర్షెన్ అని ఒక ఊరుంది. మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లలు వీకెండ్‌కి రైలెక్కి వెళ్లిపోతుంటారు. అక్కడ ప్రపంచ కప్ స్కీ పోటీలు జరిగే ఒక వాలు ఉంది. దాని పేరు కాందహార్. అవును, అఫ్గానిస్తాన్‌లో ఉన్న కాందహారే. బవేరియా మంచు కొండకి ఆ పేరెలా వచ్చింది? ఈ ప్రశ్నకి జవాబు లండన్ మీదుగా మన మద్రాసు దాకా వస్తుంది. చివరిదాకా ఉండండి, చెప్తాను.

ఇప్పుడు మీరు ఫోన్‌లో ఆల్ప్స్‌కి ఒక స్కీ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారనుకోండి. ఖర్చు లెక్క వేస్తే ఏమేం వస్తాయి? హోటల్, రైలు టికెట్, స్కీలూ బూట్లూ అద్దె, నేర్పించే మాస్టారి ఫీజు, లిఫ్ట్ పాస్, ఇన్సూరెన్స్. చలికాలంలో స్కీయింగ్‌కి వచ్చేవాళ్ల కోసమని ఈ ఆరు లైన్లలో ఒక్కటి కూడా 1860కి ముందు లేదు. మంచు మాత్రం వేల ఏళ్లుగా పడుతూనే ఉంది. అంటే మంచు ఉన్నంత మాత్రాన టూరిజం రాలేదు, మనుషులు దాన్ని ఒక్కో ముక్కా పేర్చి కట్టారు. ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్నదే ఈరోజు కథ.

మంచు అంటే భయం, ఆకలి

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆల్ప్స్ అంటే మనకి డబ్బున్నవాళ్ల జాగా. సినిమా పాటలు, చాక్లెట్లు, వాచీలు. కానీ 19వ శతాబ్దంలో ఆ లోయలు కటిక పేదవి. ఎత్తైన చోట పంట కాలం చాలా చిన్నది. ఆరేడు నెలలు మంచు. ఆవులకి గడ్డి దాచుకోవడం, జున్ను చేసుకోవడం, ఇంట్లో కూర్చోవడం, అంతే.

ఆస్ట్రియాలోని టిరోల్, ఫోరార్ల్‌బెర్గ్ నుంచి, స్విట్జర్లాండ్‌లోని గ్రాబ్యుండెన్ నుంచి ప్రతి ఏడూ చలికాలం చివర్లో పిల్లలు గుంపులుగా కాలినడకన బయల్దేరేవాళ్లు. పెద్ద పిల్లలే కాదు, ఆరేడేళ్ల వాళ్లు కూడా. మంచు ఇంకా కరగని కనుమలు దాటి జర్మనీలోని ష్వాబియా ప్రాంతానికి పోయేవాళ్లు. రావెన్స్‌బుర్గ్ లాంటి ఊళ్లలో పిల్లల సంత జరిగేది. అక్కడి రైతులు వచ్చి, బేరమాడి, పశువులు కాయడానికి ఒక సీజన్‌కి మాట్లాడుకుని తీసుకుపోయేవాళ్లు. చలికాలం మొదట్లో ఒక జత బట్టలు, కాస్త డబ్బుతో ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. వీళ్లని ష్వాబెన్‌కిండర్, అంటే ష్వాబియా పిల్లలు అంటారు. 20వ శతాబ్దం మొదటి దాకా ఈ వలస నడిచింది.

ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆ లోయలు ఎందుకు మంచు మీదే సర్వం పెట్టేశాయో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

మొదటి లైను: హోటల్

1864. స్విట్జర్లాండ్‌లో సెయింట్ మోరిట్జ్ అనే ఊరు. అక్కడ యోహన్నెస్ బాడ్రుట్ అనే హోటల్ యజమాని ఉన్నాడు. వేసవిలో ఇంగ్లీషు వాళ్లు వచ్చేవాళ్లు, సెప్టెంబరు దాటితే హోటల్ ఖాళీ. ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకునే కథ ఏంటంటే, సీజన్ చివర్లో కొందరు ఇంగ్లీషు అతిథులతో బాడ్రుట్ ఒక పందెం కాశాడట. "మా దగ్గర చలికాలంలో కూడా ఎండ బాగా కాస్తుంది, కోటు లేకుండా బయట కూర్చోవచ్చు. క్రిస్మస్‌కి వచ్చి చూడండి. నచ్చకపోతే మీ దారి ఖర్చులు నావి" అన్నాడట. వాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు ఈస్టర్ దాకా కదల్లేదట.

ఇక్కడ గమనించండి. ఆయన అమ్మింది మంచుని కాదు, ఎండని! పొగ, ముసురు పట్టిన లండన్ చలికాలంతో పోలిస్తే 1800 మీటర్ల ఎత్తులో నీలాకాశం అంటే వాళ్లకి స్వర్గం. స్కీయింగ్ అనే మాట అప్పటికి ఆ ఊళ్లో లేదు. వచ్చినవాళ్లు చేసింది బల్లబండి మీద జారడం, ఐస్ మీద స్కేటింగ్.

అదే సమయానికి దగ్గర్లోని దావోస్‌లో ఇంకో కథ నడుస్తోంది. ఇది సరదా కథ కాదు. అలెగ్జాండర్ ష్పెంగ్లర్ అనే డాక్టరు ఉన్నాడు. జర్మనీలో 1848-49 విప్లవంలో పాల్గొని, అది ఓడిపోయాక ప్రాణం కాపాడుకోవడానికి స్విట్జర్లాండ్ పారిపోయి వచ్చిన శరణార్థి. అక్కడే వైద్యం చదివి 1853లో దావోస్‌లో డాక్టరుగా కుదిరాడు. ఆ ఊరివాళ్లలో క్షయ, అంటే టీబీ, కనిపించకపోవడం ఆయన గమనించాడు. అప్పట్లో యూరప్ నగరాల్లో టీబీ అంటే మరణశిక్షే, మందు లేదు. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు టీబీ రోగులు నడిచలికాలంలో దావోస్ వచ్చారు. ఇద్దరూ కోలుకున్నారు. ఆ వార్త పాకింది. శానిటోరియంలు లేచాయి. రోగుల్ని దుప్పట్లు కప్పి ఎండలో వరండాలో పడుకోబెట్టేవాళ్లు. కొందరు బాగయ్యారు, చాలామంది అక్కడే పోయారు.

1940ల్లో టీబీకి యాంటీబయాటిక్ వచ్చాక ఆ శానిటోరియంలకి పని లేకుండా పోయింది. అప్పుడు చాలావాటిని హోటళ్లుగా మార్చేశారు. 1900లో శానిటోరియంగా తెరిచిన షాట్‌జాల్ప్ ఇప్పుడు హోటలే. దావోస్‌లో మీ రూముకి ఎండ తగిలే పెద్ద బాల్కనీ ఉంటే, అది సెల్ఫీ కోసం కట్టింది కాకపోవచ్చు.

రెండో లైను: రైలు

విలెం యాన్ హోల్స్‌బూర్ ఒక డచ్చి మనిషి. జబ్బు పడ్డ భార్యని 1867లో దావోస్ తీసుకొచ్చాడు. ఆమె బతకలేదు. ఆయన మాత్రం వెనక్కి వెళ్లిపోలేదు. ష్పెంగ్లర్‌తో కలిసి వైద్య నివాసం కట్టాడు. తర్వాత, రోగులు గంటల తరబడి గుర్రపు బండిలో కొండ ఎక్కడమేంటి, రైలు వేద్దాం అన్నాడు. లాండ్‌క్వార్ట్ నుంచి 1889లో క్లోస్టర్స్ దాకా, 1890లో దావోస్ దాకా రైలు వచ్చింది. ఈరోజు ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు చూసే ఎర్ర రైళ్ల రేటియన్ రైల్వే మొదలైంది ఆ లైనుతోనే. ఎత్తైన రాతి వంతెన మీద వంపు తిరిగే రీల్ మీకు కూడా వచ్చే ఉంటుంది. దాని మూలం భార్యని పోగొట్టుకున్న ఒక మనిషి పట్టుదల.

మూడో లైను: స్కీలు

స్కీలు ఆల్ప్స్‌వి కావు. నార్వే, స్వీడన్ వైపు వేల ఏళ్లుగా మంచులో నడవడానికి వాడుకున్న చెక్కలు. 19వ శతాబ్దంలో నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం వాళ్లు మడమ దగ్గర గట్టిగా పట్టే కట్టు కనిపెట్టడంతో, వేగంగా దిగుతూ మలుపు తిప్పడం వీలైంది. దావోస్‌లో బ్రాంగర్ అన్నదమ్ములు నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నారు. ఊళ్లో అందరూ నవ్వుతారని చీకటి పడ్డాక ప్రాక్టీసు చేసేవాళ్లట.

వీళ్ల శిష్యుడు ఎవరో తెలుసా? ఆర్థర్ కోనన్ డోయల్. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన రచయితే. ఆయన భార్య లూయిజాకి టీబీ. అందుకే దావోస్ వచ్చారు. 1894 మార్చిలో బ్రాంగర్ అన్నదమ్ములతో కలిసి డోయల్ దావోస్ నుంచి కనుమ దాటి ఆరోసాకి స్కీల మీద వెళ్లాడు. కొంత దూరం కూర్చుని జారాల్సి వచ్చి ప్యాంటు అరిగిపోయిందట. ఆ అనుభవాన్ని అదే ఏడాది డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో రాశాడు. ఒక రోజు వస్తుంది, వందలమంది ఇంగ్లీషు వాళ్లు స్కీయింగ్ కోసమే స్విట్జర్లాండ్ వస్తారు అని జోస్యం కూడా చెప్పాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్కీ టూరిజానికి ఆయన పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్ అన్నమాట. జోస్యం తప్పిందల్లా అంకెలోనే. వచ్చింది వందలు కాదు, లక్షలు.

ప్యాకేజీ: మద్రాసు నుంచి వచ్చిన మలుపు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. హెన్రీ లన్ అనే ఇంగ్లీషు మెథడిస్టు మిషనరీ, డాక్టరు కూడా, 1887లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలో భాగమే. 1888 ఏప్రిల్‌లో మద్రాసులో ఆయనకి కొడుకు పుట్టాడు, పేరు ఆర్నాల్డ్. తండ్రికి ఆరోగ్యం పడలేదు, త్వరలోనే ఇంగ్లండ్ వెళ్లిపోయారు. వెళ్లాక, ఇండియాలో మిషనరీలు జనానికి దూరంగా సుఖంగా బతుకుతున్నారన్న విమర్శకి దిగాడు. పెద్ద గొడవైంది. మిషన్ పని అక్కడితో ముగిసింది.

1892లో ఆయన వేరువేరు క్రైస్తవ శాఖల పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టాలని స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో సమావేశం పెట్టాడు. శాఖలు ఏకం కాలేదు. కానీ గుంపుగా జనాన్ని తీసుకెళ్లి, రైలు, హోటల్ అన్నీ ముందే మాట్లాడి, ఒకే ధరకి ఇవ్వొచ్చని తెలిసింది. ట్రావెల్ కంపెనీ పుట్టింది! అప్పటికి చలికాలంలో ఆటలకని వెళ్లడం కొంచెం చిన్నతనంగా ఉండేది. అందుకని ఒక క్లబ్ పెట్టాడు, పేరున్న స్కూళ్లలో చదివిన వాళ్లకీ, సైన్యం అధికారులకీ మాత్రమే సభ్యత్వం. ఊళ్లో హోటళ్లకి హోటళ్లే మొత్తం తీసేసుకునేవాడు. "ఎవరిని పడితే వాళ్లని రానివ్వరు" అన్న మాటే ఆ క్లబ్‌కి ప్రకటన. స్కీ రిసార్ట్ అంటే హోదా అన్న భావం ఇప్పటికీ పోలేదు కదా, దాని వేరు ఇక్కడుంది.

1911 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని మొంటానాలో ఒక పరుగు పోటీ పెట్టారు. అప్పటికి లిఫ్టులు లేవు. పోటీదారులు ముందు రోజు నడిచి కొండెక్కి, గుడిసెలో పడుకుని, పొద్దున్న కిందికి దిగాలి. ఈ పోటీకి కప్పు ఇచ్చింది లార్డ్ రాబర్ట్స్. ఆయన పూర్తి బిరుదు "కాందహార్ రాబర్ట్స్". 1880లో రెండో అఫ్గాన్ యుద్ధంలో పదివేల మంది సైన్యాన్ని కాబూల్ నుంచి కాందహార్ దాకా నడిపించినందుకు వచ్చిన బిరుదు. ఆ పదివేలలో ఎక్కువమంది మన భారతీయ సిపాయిలే. ఆ తర్వాత 1881 నుంచి 1885 దాకా ఆయన మద్రాసు సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్. ఆయన కప్పు మీది పేరే 1924లో మ్యూరెన్‌లో పుట్టిన కాందహార్ స్కీ క్లబ్‌కి వచ్చింది. దాన్నుంచి పోటీలకి, పోటీల నుంచి గార్మిష్ వాలుకి. సిపాయిలు నడిచిన ఎండదారి పేరు మంచుకొండ మీద అలా నిలిచిపోయింది.

ఆ క్లబ్ వెనక ఉన్నది మద్రాసులో పుట్టిన ఆర్నాల్డ్ లన్. అప్పటిదాకా పోటీల్లో ఎంత అందంగా తిరిగావు అని మార్కులు వేసేవాళ్లు. అందం సంగతి తర్వాత, ఎవరు ముందు దిగితే వాళ్లే గెలిచినట్టు అన్నాడు ఆయన. 1922లో మ్యూరెన్‌లో జెండాల మధ్య తిరుగుతూ దిగే పోటీ పెట్టాడు. ఒలింపిక్స్‌లో మీరు చూసే ఆధునిక స్లాలమ్ అదే.

నాలుగో లైను: నేర్పే మాస్టారు

ఆస్ట్రియాలో సెయింట్ ఆంటన్ ఊరు. హన్నెస్ ష్నైడర్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో కొండ దళాలకి స్కీయింగ్ నేర్పాడు. తక్కువ సమయంలో ఎక్కువమందికి నేర్పాలంటే పద్ధతి కావాలి. ముందు నెమ్మదిగా స్కీలని వీ ఆకారంలో పెట్టి ఆగడం, తర్వాత మలుపు, ఆ తర్వాత వేగం, ఇలా మెట్లు కట్టాడు. 1920ల మొదట్లో స్కీ స్కూలు పెట్టాడు. ఇప్పుడు మీరు ఏ దేశంలో గ్రూప్ క్లాసుకి వెళ్లినా ఆ మెట్లే.

1928లో ఆర్నాల్డ్ లన్, ష్నైడర్ కలిసి ఆర్ల్‌బెర్గ్ కాందహార్ పోటీలు మొదలుపెట్టారు. పదేళ్లు గడిచాయి. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. ష్నైడర్ నాజీలకి వ్యతిరేకి. వెంటనే అరెస్టు చేశారు. ఆ ఏడాది పోటీలు ఆ ఊళ్లోనే జరగాలి. మా మిత్రుణ్ణి జైల్లో పెట్టి మేం ఇక్కడ ఆడతామా అని లన్ పోటీ రద్దు చేశాడు. 1939లో ష్నైడర్ అమెరికా వెళ్లిపోయాడు, మళ్లీ స్కీ మాస్టారుగానే బతికాడు.

ఐదో లైను: లిఫ్ట్ పాస్

అర నిమిషం దిగడానికి అరగంట ఎక్కాలి. ఇది మారకపోతే స్కీయింగ్ కొద్దిమంది ఆటగానే ఉండిపోయేది. 1908లో జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో ఒక సత్రం యజమాని నీటి మర శక్తితో తాడు తిప్పి జనాన్ని పైకి లాగాడు. 1934లో దావోస్‌లో ఇంజనీర్ ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ తాడుకి కొక్కేలు తగిలించి, నడుం వెనక ఆనించుకుని పైకి పోయే లిఫ్ట్ పెట్టాడు. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీ లిఫ్ట్ వచ్చింది. దాని ఇంజనీర్ అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాలు చేసేవాడు. కొక్కేనికి గెల బదులు కుర్చీ, కుర్చీలో మనిషి. అంతే ఐడియా!

లిఫ్ట్ వచ్చాక లెక్క తిరగబడింది. ఊరుంది కాబట్టి లిఫ్ట్ కాదు, మంచి వాలుంది కాబట్టి అక్కడ ఊరు. ఫ్రాన్స్‌లో లోరాన్ షాపీ అనే ఆర్కిటెక్ట్, రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఆస్ట్రియా శిబిరంలో ఉండగా కొత్త స్కీ ఊళ్లకి ప్లాన్లు గీశాడు. 1946లో కూర్షెవెల్ మొదలైంది. ఇంకోవైపు టీన్ అనే పాత పల్లెని 1952లో కరెంటు డ్యామ్ కోసం ముంచేశారు. జనం ఎదిరించారు, పోలీసులు ఖాళీ చేయించారు. ముంపు ఊళ్ల బాధ మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పల్లెకి పైన 2100 మీటర్ల ఎత్తులో ఇప్పుడు పెద్ద స్కీ రిసార్ట్ ఉంది, పేరు అదే టీన్.

ఆరో లైను: ఇన్సూరెన్స్

1999 ఫిబ్రవరి. ఆస్ట్రియాలో గాల్ట్యూర్. వారాల తరబడి మంచు కురిసి, రోడ్డు మూసేశారు. టూరిస్టులు ఊళ్లోనే ఇరుక్కుపోయారు. 23వ తేదీ మధ్యాహ్నం కొండ మీంచి మంచు చరియ ఊరి మీద పడింది. మ్యాప్‌లో సురక్షితం అని గుర్తు పెట్టిన ఇళ్ల మీద కూడా పడింది. 31 మంది చనిపోయారు. మర్నాడు పక్కనున్న వాల్‌ట్సూర్‌లో ఇంకో 7 మంది. తర్వాత వేలమందిని హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. ఇప్పుడు అక్కడ చరియల్ని ఆపే పెద్ద గోడ కట్టి, ఆ గోడలోనే మ్యూజియం పెట్టారు. పిల్లల్ని కూలికి పంపాల్సిన అవసరం లేకుండా చేసింది మంచే, ప్రాణాలు తీసిందీ మంచే. ఆ ఊళ్లకి ఈ రెండూ తెలుసు.

ఇక ముందు ఏంటి?

ఇప్పుడు ఆ మంచే తగ్గుతోంది. 2023లో ఒక పెద్ద అధ్యయనం యూరప్‌లోని 2,234 స్కీ రిసార్టులని చూసింది. భూమి 2 డిగ్రీలు వేడెక్కితే, యంత్రాలతో మంచు చేయకపోతే, 53 శాతం రిసార్టులకి చాలా ఎక్కువ ముప్పు. కృత్రిమ మంచుకి నీళ్లు, కరెంటు, దానితోపాటు చలి కూడా కావాలి. చలే లేకపోతే యంత్రం కూడా ఏం చేయలేదు. ఫ్రాన్స్‌లో లా సాంబ్యుయి అనే చిన్న రిసార్ట్ 2023లో మూతపడింది. ఒక తరం మంచు మీద ఇల్లు కట్టుకుంది, తర్వాతి తరం ఏం చేయాలో వెతుక్కుంటోంది.

అందుకే ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు ఈ చరిత్రని వాడుకోండి. ఒకటి, ఫోటోలు కాదు, ఎత్తు చూడండి. ఊరి ఎత్తు వేరు, లిఫ్ట్ పైకొస ఎత్తు వేరు, రెండూ చూడండి. వాల్ తోరాన్స్ 2300 మీటర్ల మీద ఉంది, వెయ్యి మీటర్ల ఊళ్లో అంత నమ్మకం పెట్టుకోలేం. రెండు, ఫిబ్రవరిలో యూరప్ స్కూళ్ల సెలవులుంటాయి, ధరలూ రద్దీ ఎక్కువ. వీలైతే జనవరి మధ్యలో వెళ్లండి. మూడు, మొదటిసారైతే ఫుల్ లిఫ్ట్ పాస్ కొనొద్దు. స్కీలు అద్దెకి తీసుకుని, క్లాసులో చేరి, నేర్చుకునేవాళ్ల వాలు మీదే ఉండండి. నీలం గుర్తు సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఫ్రాన్స్‌లో అయితే నీలానికి ముందు ఆకుపచ్చ కూడా ఉంటుంది. నాలుగు, మీకంటే కింద వెళ్తున్న మనిషికే దారి హక్కు. వెనక నుంచి వచ్చేవాళ్లదే బాధ్యత. ఐదు, ఇండియా నుంచి వెళ్తే షెంజెన్ వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ అడుగుతారు. అందులో స్కీయింగ్, కొండ మీద హెలికాప్టర్ రెస్క్యూ ఉన్నాయో లేదో విడిగా చూసుకోండి, చాలాసార్లు ఉండవు. ఆరు, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు. బాడ్రుట్ అమ్మింది ఎండని, గుర్తుంది కదా?

లిఫ్ట్ నడిపే మనిషికి, హోటల్లో పక్కలు సర్దే మనిషికి ఒక నమస్కారం కూడా పెట్టండి. వాళ్లలో ఎవరి ముత్తాతో ఎనిమిదేళ్లకి ఆ కనుమ మీదే నడిచి పిల్లల సంతకి పోయుండొచ్చు.

మీలో ఆల్ప్స్‌లో స్కీయింగ్ చేసినవాళ్లు ఉంటే ఏ ఊరు, ఎంత ఖర్చైంది, ఎన్నిసార్లు పడ్డారు, కామెంట్లలో రాయండి. కొత్తగా వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.